మధ్యలో ఆగిన ఎనిమిది రోజులు: ఫిట్స్ మందులు రాసేవారికీ, ఇచ్చేవారికీ బహిరంగ లేఖ

డాక్టర్లకూ, ఫార్మసిస్టులకూ, వార్డుల్లో పనిచేసే నర్సులకూ నమస్కారం.

నేను వైద్యం చదివినవాణ్ణి కాదు. ఫిట్స్ ఉన్న ఒకమ్మాయికి అన్నని. వారానికోసారి మందుల డబ్బా నింపడం, స్ట్రిప్ అయిపోకముందే కొత్తది తెచ్చిపెట్టడం, వేసుకుందో లేదో అడిగి చీవాట్లు తినడం నా పని. ఆ అర్హతతోనే ఈ లేఖ రాస్తున్నాను. ఫిర్యాదు ఇందులో కొంత ఉంది, దాచను. కానీ ఎవరినో పట్టుకుని నిలదీయడానికి కూర్చోలేదు. మా ఇంట్లో జరిగినదాంట్లో పెద్ద తప్పు ఎవరు చేశారని వెతికితే నాకు ఒక్కరూ దొరకలేదు. అందరూ తమ పని తాము చేశారు. అయినా మా చెల్లి పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంది.

మా చెల్లికి ఇరవై ఆరేళ్లప్పుడు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. రెండోసారి వచ్చాక పరీక్షలన్నీ చేసి న్యూరాలజిస్టు లామోట్రిజిన్ రాశారు. ఆయన ఎంతో జాగ్రత్తగా మొదలుపెట్టారు, ఆ మాట చెప్పి తీరాలి. మొదటి రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు. తర్వాతి రెండు వారాలు 50. ఆ పైన వారానికో, రెండు వారాలకో కాస్త పెంచుకుంటూ రెండు నెలలకి 200కి చేర్చారు. ఎప్పుడు ఎంత వేసుకోవాలో గళ్లు గీసి రాసిచ్చారు. ఒక్క మెట్టు కూడా ఎగరొద్దని కింద రెండు గీతలు కొట్టారు.

ఎందుకింత నెమ్మది అని అడిగాను. "ఒంటికి అలవాటవ్వాలి కదండీ" అన్నారు.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అది సగం మాట. ఆ సగం మాటతోనే మేం మునిగాం. అలవాటవ్వాలి అంటే మాకేం అర్థమైందో చెప్తాను. ఈత నేర్చుకున్నట్టో సైకిల్ నేర్చుకున్నట్టో ఒంటికి ఒకసారి ఆ మందు అలవాటైతే ఇక అయిపోయినట్టే అనుకున్నాం. ఏడాదిన్నర పాటు చెల్లికి ఒక్క ఫిట్ కూడా రాలేదు. అలవాటు అంటే ఇదేనని ఇంకా నమ్మకం కుదిరింది.

తర్వాత ఒకరోజు అపెండిక్స్ పగిలింది. అర్ధరాత్రి ఆపరేషన్. తర్వాత కొన్ని రోజులు నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్నారు. మామూలుగా వాడే ఫిట్స్ మందులు కొన్నింటికి ఇంజెక్షన్ ఉంటుంది, లామోట్రిజిన్‌కి అలా వాడుకలో ఉన్న ఇంజెక్షన్ లేదు. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు చీము, జ్వరం, సెలైన్, కుట్లు తప్ప ఇంకేం గుర్తులేవు. డిశ్చార్జి చీటీలో యాంటీబయాటిక్, నొప్పి మందు, గ్యాస్ మందు ఉన్నాయి. లామోట్రిజిన్ లేదు. అడ్మిట్ అయినప్పుడు చెప్పాం, కేసు షీటు మీద రాసుకున్నారు కూడా. ఆ షీటు నుంచి ఈ చీటీ దాకా వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది. ఇంటికొచ్చాక డబ్బా తెరిచి చూస్తే లెక్క తేలింది. ఎనిమిది రోజులు.

నాకు గుండె జారిపోయింది. ఫిట్స్ మందు మానకూడదని పదిసార్లు విన్నవాళ్లం. వెంటనే మొదలుపెట్టించాను. పొద్దున 100, రాత్రి 100, ఎప్పటిలాగే. వేయించింది నేనే. ఆ పూట గ్లాసుతో నీళ్లు అందించింది కూడా నేనే.

పదకొండో రోజు ఛాతీ మీద ఎర్రగా దద్దుర్లు. కొంచెం జ్వరం, గొంతు నొప్పి. ఆపరేషన్ అయిన ఒళ్లు, యాంటీబయాటిక్స్ వాడిన ఒళ్లు, వేడి చేసిందనుకున్నాం. మందుల షాపులో అడిగితే అలర్జీ మాత్రలు ఇచ్చారు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడగలేదు, నేనూ చెప్పలేదు. మర్నాటికి పెదాలు చిట్లి, నోట్లో పుండ్లు పడ్డాయి. కళ్లు ఎర్రబడి తెరవలేకపోయింది. ఆ సాయంత్రానికి దద్దుర్ల మీద బొబ్బలు లేచాయి. ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ చూసీ చూడగానే రెండు ప్రశ్నలు అడిగారు: "ఫిట్స్ మందేమైనా వాడుతోందా? మధ్యలో ఆపి మళ్లీ వేశారా?"

అంత సూటిగా అడిగే ప్రశ్న ఒకటుందని మాకు అంతకుముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

దాన్ని స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అంటారని, చర్మం పైపొర కాలిన గాయంలాగా ఊడిపోతుందని, నోరు, కళ్లు లాంటి మెత్తటి చోట్ల ముందు దెబ్బ కొడుతుందని ఆ పదిహేడు రోజుల్లో నేర్చుకున్నాను. చెల్లి బతికింది. ముఖం మీద మచ్చలు చాలావరకు పోయాయి. కళ్లు మాత్రం పొడిబారిపోయాయి, రోజుకు అయిదారు సార్లు చుక్కలు వేసుకోవాలి.

ఇప్పుడు ఆ రెండో సగం మాట చెప్తాను. మీకు తెలిసిందే. మాకు తెలియాల్సిన మాటల్లో చెప్పి చూస్తున్నాను, అంతే.

లామోట్రిజిన్ మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం లోపు దద్దుర్లు రావడం ఎక్కువ. చాలామందిలో అవి మామూలు దద్దుర్లే. ప్రమాదకరమైనవి పెద్దవాళ్లలో వెయ్యి మందికి ముగ్గురి లోపు, పిల్లల్లో వెయ్యికి ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా అని మందు తయారీదారుల పత్రంలోనే ఉంది. మొదలుపెట్టే డోసు ఎక్కువైనా, త్వరత్వరగా పెంచినా, పక్కన వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు ఉన్నా ఆ ప్రమాదం పెరుగుతుంది. అందుకే అంత నెమ్మది. ఇక ఆపితే? ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి మామూలుగా ఒక రోజు, రోజుంబావు పడుతుంది. అలా అయిదుసార్లు సగం అయ్యేసరికి ఒంట్లో దాదాపు ఏమీ మిగలదు. అంటే సుమారు అయిదారు రోజులు. అది దాటితే ఒంటికి ఈ మందు మళ్లీ కొత్త. ఏడాదిన్నర వాడినా, పదేళ్లు వాడినా, మళ్లీ 25తో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందే. ఎనిమిది రోజుల తర్వాత ఒకేసారి 200 వేయడమంటే మొదటిరోజే 200 వేసినట్టు.

ఇది చెప్పడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషం ఎవరి బాధ్యత అన్నదే నా ప్రశ్న.

న్యూరాలజిస్టు గారు మెట్లు ఎక్కడం నేర్పారు, మధ్యలో జారితే ఏం చేయాలో చెప్పలేదు. సర్జన్‌కి పగిలిన అపెండిక్స్ ముఖ్యం, అది సహజం. నర్సు షీటులో ఉన్నదే ఇచ్చారు. షాపులో అతను దద్దుర్లకి అడిగిన మందు ఇచ్చాడు. నేను మందు మానకూడదన్న ఒక్క నియమం పట్టుకుని ఊగాను. ఇన్ని చేతులు మారిన మందుకి మొత్తం కథ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. చీటీ మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఇవి మూడే ఉంటాయి. ఫిట్స్ మందుల్లో అసలు గండాలన్నీ ఆ మూడింటి మధ్య ఖాళీల్లో ఉన్నాయి. మొదలుపెట్టేటప్పుడు, మానేసినప్పుడు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, పక్కన ఇంకో మందు చేరినప్పుడు, కంపెనీ మారినప్పుడు.

ఫార్మసిస్టులకి ఒక మాట. నాకు మీమీదే ఎక్కువ ఆశ ఉంది. డాక్టరుగారిని మూడు నెలలకోసారి చూస్తాం, మిమ్మల్ని నెలనెలా చూస్తాం. నెలకి తీసుకెళ్లే మనిషి నెలన్నర తర్వాత వస్తే మధ్యలో ఏదో ఆగిందని ముందు తెలిసేది మీకే. "ఇన్ని రోజులు ఏమైందండీ, ఎక్కడైనా మానేశారా" అని ఒక్క ముక్క అడగండి. దద్దుర్లకి మందు కావాలని ఎవరైనా వస్తే కొత్తగా ఏం మందులు వాడుతున్నారో అడగండి. ఫిట్స్ మందు అని చెబితే అలర్జీ మాత్ర ఇచ్చి పంపేయకండి, ఆరోజే డాక్టరు దగ్గరికి పంపండి.

పేర్ల గొడవ కూడా ఉంది. లామోట్రిజిన్‌కి దగ్గరగా వినిపించే మందులు తక్కువేం లేవు. హెచ్ఐవీకి వాడే లామివుడిన్, బీపీకి వాడే లాబెటలాల్, ఫంగస్‌కి వాడే లామిసిల్. ఇవి ఒకదానికొకటి మారిపోయిన సందర్భాలు ఉన్నాయి కాబట్టే మందు పత్రంలోనే ఆ హెచ్చరిక ఉంది. రాత అర్థం కాకపోతే ఊహించకండి, ఫోన్ చేయండి. 25, 100 రెండూ ఒకే పేరుతో, ఒకే రంగు అట్టపెట్టెలో ఉంటే విడిగా చూపించి చెప్పండి. మొదటి నెలలో 25 బదులు 100 చేతికొస్తే ఏమవుతుందో పైన రాశాను.

ఇక కంపెనీ మార్చడం. "అదే మందండీ, కంపెనీ వేరు" అని మీరంటారు. చాలా మందుల విషయంలో అది నిజం. ఫిట్స్ మందుల్లో కొన్నింటి విషయంలో మాత్రం అంత తేలిగ్గా అనకండి. 1968లో ఆస్ట్రేలియాలో ఫెనిటాయిన్ క్యాప్సూళ్లలో మందు మార్చలేదు, డోసూ మార్చలేదు. లోపల నింపే పొడి మార్చారు, అంతే. కాల్షియం సల్ఫేట్ తీసేసి లాక్టోజ్ వేశారు. అంతకుముందు కాల్షియం సల్ఫేట్ వల్ల మందు కొంత ఒంటికి పట్టకుండా పోయేదట. లాక్టోజ్‌తో ఎక్కువగా పట్టింది. బ్రిస్బేన్‌లో ఎప్పటి డోసే వేసుకుంటున్న మనుషులు తూలిపోతూ, మాట ముద్దగా వస్తూ ఆసుపత్రులకి చేరారు. ఫెనిటాయిన్‌కి ఇంకో గుణం ఉంది. ఒక స్థాయి దాకా డోసు పెంచినకొద్దీ రక్తంలో కొంచెం కొంచెం పెరుగుతుంది, ఆ తర్వాత కాస్త పెంచినా ఒక్కసారిగా ఎగబాకుతుంది. లివర్ దాన్ని విరగ్గొట్టే శక్తికి ఒక హద్దు ఉంది మరి. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2013లో ఫిట్స్ మందులను మూడు వర్గాలు చేసి ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్, ప్రిమిడోన్ వాడేవాళ్లకి ఒకే కంపెనీ మందు కొనసాగించమని సలహా ఇచ్చింది. స్టాకు లేదంటే లేదనే చెప్పండి. మార్చక తప్పకపోతే మార్చామని చెప్పండి, డాక్టరుకీ తెలియనివ్వండి. మాత్ర రంగు మారిందని మేం అడిగేదాకా ఆగొద్దు.

చిన్న విషయాలు రెండు కలుపుతాను. పేరు చివర ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉన్న మాత్రల్ని నూరొద్దని, నమలొద్దని మాకు ఎవరూ చెప్పరు. మింగలేకపోతే నూరి ఇచ్చేస్తాం. రోజంతా మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారే లోపలికి పోతుంది. రెండోది, కార్బమజెపైన్ మాత్రలు తేమ తగిలితే గట్టిపడి ఒంట్లో సరిగ్గా కరగవు, మూడో వంతు దాకా బలం పోవచ్చు. స్నానాల గదిలో అల్మారాలో పెట్టుకునేవాళ్లు ఎంతమందో.

ఫిట్స్ చూడని డాక్టర్లకి కూడా ఈ లేఖ. నిజానికి మీకే ఎక్కువ. మా ఫిట్స్ మందుల మీద తెలియకుండా చెయ్యి వేసేది మీరే. ఇన్‌ఫెక్షన్ ముదిరితే ఆసుపత్రిలో మెరోపెనెమ్ లాంటి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. వాల్‌ప్రోయేట్ వాడే మనిషికి అది ఎక్కిస్తే రక్తంలో వాల్‌ప్రోయేట్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గుతుంది, ఫిట్స్ వస్తాయి. గర్భనిరోధక మాత్రల సంగతి ఇంకా తిరకాసు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర మొదలుపెడితే రక్తంలో లామోట్రిజిన్ సుమారు సగానికి తగ్గవచ్చు. ఆ మాత్ర ఆపితే మళ్లీ పైకెళ్లి తల తిరుగుడు, చూపు రెండుగా కనబడటం మొదలవుతాయి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్‌లతో దీనికి తలకిందులు. అవి గర్భనిరోధక మాత్ర పనినే దెబ్బతీస్తాయి. ఒకచోట ఫిట్స్ మందు ఓడిపోతుంది, ఇంకోచోట గర్భనిరోధకం ఓడిపోతుంది. ఇద్దరు డాక్టర్లు రెండు గదుల్లో కూర్చుని రెండు చీటీలు రాస్తే ఇది ఎవరికి తెలుస్తుంది?

కార్బమజెపైన్ మొదలుపెట్టే ముందు ఆసియా మూలాలున్నవాళ్లకి హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యు పరీక్ష చేయించమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే చెప్పింది. మా చెల్లికి వచ్చినలాంటి చర్మ వ్యాధి ఆ జన్యువు ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది. ఒకసారి చేయించుకుంటే జీవితాంతం పనికొచ్చే రక్తపరీక్ష అది.

వాల్‌ప్రోయేట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. మంచి మందు. కొన్ని రకాల ఫిట్స్‌కి దానంత బాగా పనిచేసేది లేదని చదివాను. కానీ గర్భంతో ఉన్నప్పుడు వాడితే పుట్టే బిడ్డల్లో వందకి పది మందికి పైగా అవయవ లోపాలు, వందకి ముప్ఫై నుంచి నలభై మందిలో ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉంటున్నాయి. గర్భం రాకుండా పక్కా ఏర్పాటు లేనిదే పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకి దీన్ని రాయకూడదని 2018లో బ్రిటన్ నియమం పెట్టింది. ఈ మాట పెళ్లయ్యాక చెబుదాం, గర్భం వచ్చాక చెబుదాం అనుకోకండి. గర్భం వచ్చిందని తేలేసరికే చాలాసార్లు బిడ్డ వెన్నుపాము రూపుదిద్దుకునే రోజులు దాటిపోతాయి. అలాగే ఈ మాట విన్న గర్భిణి భయపడి ఆ రాత్రే మాత్రలు పారేయకుండా కూడా చెప్పాలి. ఆపేస్తే వచ్చే ఫిట్ తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. మార్చాలంటే డాక్టరే మార్చాలి.

ఇక్కడే నాకు భయం వేస్తుంది. ఈ లేఖ చదివి ఎవరైనా ఇంట్లో మందు మానేస్తారేమోనని. చర్మం ఊడటం, బిడ్డకి లోపాలు అని వరుసగా రాస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కాబట్టి అటువైపూ చెప్పాలి. ప్రపంచంలో సుమారు అయిదు కోట్ల మందికి ఫిట్స్ ఉన్నాయి. సరిగ్గా గుర్తించి మందులిస్తే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఒకటి ఆగకముందే ఇంకోటి వచ్చి అయిదు నిమిషాలు దాటిపోయే స్థితి రావచ్చు. అది ప్రాణాలు తీస్తుంది. ఫిట్స్ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి వెయ్యి మందిలో సుమారు ఒకరు ఏ కారణం తెలియకుండా, చాలాసార్లు నిద్రలోనే చనిపోతున్నారు. ఫిట్స్ అదుపులో లేనివాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. చెల్లికి లామోట్రిజిన్ ఆపించిన డాక్టరమ్మ కూడా అదే పూట ఇంకో ఫిట్స్ మందు ఎక్కించారు, ఊరికే వదల్లేదు.

ఆ ఇంకో మందు లెవెటిరాసిటమ్. దద్దుర్ల గొడవ అంతగా లేదు, మెట్లు ఎక్కే పనీ పెద్దగా లేదు, వేరే మందులతో తగవులు తక్కువ. కిడ్నీలు బాగా లేనివాళ్లకి డోసు తగ్గించాలి, అంతే అన్నారు. ఊపిరి పీల్చుకున్నాం. నెల తిరక్కుండానే మా చెల్లి వేరే మనిషైపోయింది. ఎన్నడూ గొంతెత్తనిది అమ్మ మీద అరిచేది. నేను నింపిన మందుల డబ్బా గోడకేసి కొట్టింది. రాత్రిళ్లు ఏడ్చేది. ఆసుపత్రిలో పడిన బాధకి మనసు విరిగిందనుకున్నాం, కొన్నాళ్లకి సర్దుకుంటుందనుకున్నాం. అమ్మ అయితే "పొగరు పట్టింది" అంది, పాపం అమ్మకేం తెలుసు. చివరికి చెల్లే ఒక రాత్రి నా గదిలోకొచ్చి "అన్నయ్యా, ఈ కోపం నాది కాదురా" అంది. చిరాకు, కోపం, దిగులు ఆ మందు వల్ల కొందరికి వస్తాయని మర్నాడు డాక్టరుగారికి ఫోన్ చేసి చెబితే గానీ తెలియలేదు. "అవును, కొందరికి అలా అవుతుంది" అన్నారాయన, చాలా మామూలుగా.

మామూలు విషయమైతే ముందే చెప్పొచ్చు కదా సార్.

ఇది ఒక్క మందు సంగతి కూడా కాదు. అమెరికా ఎఫ్‌డీఏ 2008లో 11 ఫిట్స్ మందుల మీద జరిగిన 199 ట్రయల్స్ కలిపి చూసింది. చచ్చిపోవాలన్న ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడినవాళ్లలో 0.43 శాతం, మందులేని ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 0.24 శాతం. చిన్న అంకెలే. కానీ మొదటి వారం నుంచే మొదలైందని అందులో ఉంది. ఇంట్లోవాళ్లకి ముందే చెబితే "పొగరు" అనే మాట వాడరు, ఫోన్ చేస్తారు. చెల్లికి ఇప్పుడు మందు మార్చారు, మళ్లీ మా చెల్లి మాకు దొరికింది.

ఇంతకీ మిమ్మల్ని ఏం అడుగుతున్నానంటే, ఒక కాగితం. మందు కంపెనీ పెట్టెలో మడతలు మడతలుగా పెట్టే ఆ సన్నటి కాగితం కాదు, అది చదవాలంటే భూతద్దం కావాలి. చదివితే మందు వేసుకోబుద్ధి కాదు, అందులో తలనొప్పీ చావూ ఒకే అక్షరాల్లో ఉంటాయి. నేనడిగేది చీటీ వెనకవైపు మీ చేత్తో రాసే నాలుగైదు ముక్కలు. మా చెల్లికి అప్పట్లో లామోట్రిజిన్ రాసినప్పుడు వెనకవైపు ఇలా ఉండుంటే చాలు:

"ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకో. తర్వాతి పూట దగ్గరపడితే వదిలెయ్, రెండూ కలిపి వేసుకోకు. వరుసగా అయిదు రోజులు మానేస్తే పాత డోసు వేసుకోకు, నాకు ఫోన్ చెయ్. దద్దుర్లతో పాటు జ్వరం గానీ, నోట్లో పుండ్లు గానీ, కళ్లు ఎర్రబడటం గానీ ఉంటే తెల్లారేదాకా ఆగకు, ఆసుపత్రికి వెళ్లు. వేరే డాక్టరు కొత్త మందు రాస్తే, గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టినా ఆపినా, నాకు చెప్పు. మనసు బాగా లేకపోతే అదీ చెప్పు, మందు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు."

లెక్కపెట్టాను, తీరిగ్గా రాస్తే మూడు నిమిషాలు. బయట నలభై మంది కూర్చుని ఉంటారని నాకు తెలుసు, ఆ నలభై మందిలో నేనూ కూర్చున్నాను. రాయడానికి కుదరకపోతే ఒక రబ్బరు స్టాంపు చేయించుకోండి. ఒక్కో మందుకి ఒక్కో స్టాంపు. వాడుకలో ఉన్న ఫిట్స్ మందుల్లో మీరు రోజూ రాసేవి అరడజను దాటవు.

సర్జన్లకీ, వార్డు నర్సులకీ అడిగేది ఇంకా చిన్నది. ఫిట్స్ మందు వాడే మనిషి అడ్మిట్ అయితే కేసు షీటు పైన ఎర్ర పెన్నుతో రాయండి. నోటి ద్వారా ఇవ్వడం కుదరకపోతే ఆరోజే న్యూరాలజిస్టుకి ఫోన్ చేయండి. ఇంటికి పంపేటప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల జాబితా పక్కన డిశ్చార్జి చీటీ పెట్టి ఒక్కసారి సరిచూడండి.

మా వంతు మేమూ చేస్తున్నాం. చెల్లి ఫోన్లో, పర్సులో, మందుల డబ్బా మూత లోపల ఒకే జాబితా ఉంది: ఏ మందు, ఏ కంపెనీ, ఎంత డోసు, ఏది పడదు. "లామోట్రిజిన్ జన్మలో ఇవ్వకూడదు" అని పెద్ద అక్షరాలతో రాశాం. దాని రసాయనం పోలిన మందులతో కూడా జాగ్రత్త అని డాక్టరమ్మ చెబితే అదీ రాశాం. ఆమె ఇంకో మాట కూడా చెప్పారు. ఆపరేషన్ ముందే నిర్ణయమైనదైతే అడ్మిట్ అయ్యేలోపే ఫిట్స్ మందు సంగతి అడగమన్నారు. అపెండిక్స్ అలా చెప్పి రాదనుకోండి.

ఈ లేఖ పంపే ముందు చెల్లికి చదివి వినిపించాను. కళ్లలో చుక్కలు వేసుకుని, మూసుకునే వింది. మందుల డబ్బా గోడకి కొట్టిన సంగతి తీసెయ్ అంది. తీయనన్నాను. కాసేపటికి, అయితే నా మాట ఒకటి చేర్చు అంది. అది ఇది: "మందు రాసేటప్పుడు అందరూ అన్నయ్య వైపు తిరిగి చెప్పారు. పిల్లల సంగతి అమ్మకి చెప్పారు. కుర్చీలో కూర్చున్నది నేను, మింగేది నేను. నా వైపు చూసి చెప్పండి. నేను గుర్తుపెట్టుకోగలను."

ఇట్లు,
ఒక పేషెంటు, ఆమె అన్న